'తిత్లీ' అని కొడితే ఎవరికి ఏం కావాలి?

జనం ఒకే మాటను వెతుకుతున్నా, దాని వెనక ఉద్దేశం కాలంతో మారుతుందా అని అడిగారు. మారుతుంది. ఏళ్లు కూడా అక్కర్లేదు, వారం చాలు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో పన్నెండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఇక్కడికొచ్చే సగం మందికి టైపు చేసిపెట్టేది నేనే. అందుకే వాళ్లు నోటితో అడిగేదీ, గూగుల్‌లో పడేదీ రెండూ నాకు తెలుస్తాయి.

'తిత్లీ' సంగతే తీసుకోండి. హిందీలో సీతాకోకచిలుక అని అర్థం, మా మీద విరుచుకుపడిన తుఫానుకు పెట్టిన పేరు. 2018 అక్టోబరుకు ముందు మా వైపు ఆ మాటతో ఎవరికీ పనిలేదు. 10వ తేదీన మాత్రం వచ్చినవాళ్లందరిదీ అదే ప్రశ్న: ఎక్కడుంది, ఎప్పుడు తీరం దాటుతుంది? 11న తెల్లవారుజామున పలాస దగ్గరే దాటింది. ఆ తర్వాత కరెంటు లేదు, సిగ్నల్ లేదు, వెతకడమన్నదే లేదు. అంటే అవసరం బాగా ఎక్కువైన రోజుల్లోనే మా ఊళ్ల లెక్క సున్నా. అంకెలు చూసేవాళ్లు ఇది మరిచిపోతుంటారు.

కరెంటొచ్చాక మా పక్కనున్న కొబ్బరి తోటల ప్రాంతం ఉద్దానం నుంచి ఒక పెద్దాయన పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వచ్చాడు. "తిత్లీ అని కొట్టి నా పేరుందేటో సూడు బాబూ" అన్నాడు. కొట్టాను. ఇంకా గాలివేగం, ఉపగ్రహం ఫొటోలే వస్తున్నాయి. ఆయనకు కావలసింది పడిపోయిన కొబ్బరి చెట్ల పరిహారం జాబితా. తుఫాను గురించి ఆయనకు ఎవరు చెప్పాలి, నెత్తిమీదుగానే పోయింది కదా! చెట్టుకు 1,500 అన్నారప్పుడు. 2019లో దాన్ని 3,000కు పెంచుతున్నామని ప్రభుత్వం అనగానే జనం మళ్లీ అదే మాట పట్టుకొచ్చారు, ఈసారి పక్కన 'అదనం' చేర్చి.

వెతుకులాట మూడు రకాలని 2002లో ఆండ్రే బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాశాడు: ఏదైనా తెలుసుకోవడానికి, ఫలానా సైటుకు వెళ్లడానికి, ఏదో పని జరిపించుకోవడానికి. బాగానే ఉంది గానీ, ఒక మాటకు ఒక రకం అని చీటీ అంటించి వదిలేస్తే దెబ్బతింటాం. ఏ మాటను జనం ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో గీత ఆసక్తి పెరిగిందో తగ్గిందో చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. అదే పేజీలో కింద, దానితో పాటు జనం ఇంకేం వెతికారో ఉంటుంది. తేదీలు మార్చి మార్చి అది చూడండి, అసలు కథ అక్కడ దొరుకుతుంది.

'రాజాం ఏ జిల్లా' కూడా ఇంతే. ఒకప్పుడు అది పిల్లల జీకే ప్రశ్న. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి పోయాక, అప్లికేషన్ నింపేవాళ్ల టెన్షన్.

మొన్న పోటీ పరీక్షకు చదువుతున్న ఒక కుర్రాడు వచ్చి 'తిత్లీ పేరు పెట్టిన దేశం' అని వెతికాడు. పాకిస్తాన్ అని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఏ ఊరు తమ్ముడూ అంటే వజ్రపుకొత్తూరు అన్నాడు. ఆ ఏడాది వాళ్ల తోటలో ఒక్క కొబ్బరి చెట్టూ నిలబడలేదట.