ఉయ్యాల కింద బొంతకి ఎన్ని గ్రాముల డౌన్?

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలు చాలావరకు ఫోన్ బ్యాటరీ గురించో, నిండిపోయిన మెమరీ గురించో ఉంటాయి. ఈ వారం అట్లాంటా నుంచి ఒక పాఠకుడు స్ప్రెడ్‌షీట్ పంపి, అందులో ఈకలు తూచమన్నారు. చాలా రోజుల తర్వాత పెన్నూ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ప్రశ్న: హ్యామక్ (రెండు చెట్లకి కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల) కింద వేలాడదీసే బొంతని, అంటే అండర్‌క్విల్ట్‌ని, ఇంట్లోనే కుడుతున్నాను. లోపలి గుడ్డ 190 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు. బయటి గుడ్డ వెడల్పు 128. పొడవునా పది గదులు (ఈకలు నింపే అరలు), వాటి మధ్య అడ్డపట్టీల ఎత్తు 5 సెం.మీ. నింపేది 800 ఫిల్ పవర్ డౌన్ (బాతుల మెత్తటి లోపలి ఈకలు). ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్ 236 గ్రాములు చాలంటోంది, ఇంకొకటి 340 అంటోంది. నా షీట్‌లో ఏకంగా 3,871 గ్రాములు వస్తోంది! అక్టోబర్ చివర్లో ఉత్తర జార్జియా కొండల్లో పడుకోవాలి, రాత్రి సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు. ఎంత కొనమంటారు?

జవాబు: ముందు ఆ 3,871 సంగతి తేల్చేద్దాం. అంత డౌన్‌తో మీ ఇంటిల్లిపాదికీ రజాయిలు కుట్టొచ్చు. 800 ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు డౌన్ 800 ఘన అంగుళాల చోటు నింపుతుందని. మీ షీట్‌లో కొలతలేమో సెంటీమీటర్లలో ఉన్నాయి. ఘన సెంటీమీటర్లను 800తో భాగించి, వచ్చినదాన్ని ఔన్సులనుకుని గ్రాముల్లోకి మార్చారు. తప్పు అక్కడే ఉంది. ఫిల్ పవర్‌ని 0.578తో గుణిస్తే ఒక గ్రాము ఎన్ని ఘన సెంటీమీటర్లు పొంగుతుందో వస్తుంది. 800కి అది 462. ఆ గడిలో 800 తీసేసి 462 పెట్టండి, ఔన్సుల మార్పిడి చెరిపేయండి. మీ షీట్ కూడా 236 చూపిస్తుంది.

ఆ 236 మాత్రం మీకు చాలదు.

ఎందుకో చెప్పేముందు, ఈ గొడవ తెలియని మిగతా పాఠకులకి ఒక మాట. ఉయ్యాలలో పడుకుంటే వీపు కింద నేల ఉండదు, చల్లగాలి ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి పడుకున్నా కింది వైపు ఈకలు మన బరువుకి అప్పడంలా నలిగిపోతాయి. వెచ్చదనం ఇచ్చేది ఈక కాదు, ఈకల మధ్య చిక్కుకున్న కదలని గాలి. అది కాస్తా పోతే మిగిలేది గుడ్డే. అందుకే బొంతని ఉయ్యాల బయట, కింది నుంచి కడతారు. అక్కడ దానిమీద బరువు పడదు కాబట్టి పొంగు పొంగుగానే ఉంటుంది. ఏకించిన కొత్త పరుపుకీ, పదేళ్ళు పడుకున్న పాత పరుపుకీ తేడా చూసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ రెండు కాలిక్యులేటర్ల దగ్గరికి వద్దాం. మొదటిది మీ బొంతని అట్టపెట్టె అనుకుంది: 190, 115, 5 గుణించి 462తో భాగించింది. కానీ మీ బయటి గుడ్డ లోపలిదానికన్నా 13 సెం.మీ. ఎక్కువ ఉంది. ఆ 13 ఎక్కడికి పోతుందో చూడండి. బొంత ఒంటి చుట్టూ వంపు తిరుగుతుంది. పావు వృత్తమంత వంపు అనుకుంటే, 5 సెం.మీ. మందానికి బయటి గుడ్డకి దాదాపు 8 సెం.మీ. అదనంగా కావాలి. అది లేకపోతే బయటి గుడ్డ బిగుసుకుపోయి ఈకల్ని లోపలికి నొక్కేస్తుంది. మిగిలిన 5 సెంటీమీటర్లు పది గదులకి పంచితే గదికి అర సెంటీమీటరు. అంతేనా అనిపిస్తుంది కదూ? నాకూ అలాగే అనిపించి, రెండుసార్లు లెక్క కట్టాను. 11.5 సెం.మీ. వెడల్పున్న గదికి 12 సెం.మీ. గుడ్డ కుడితే అది నడిమధ్యన ఒకటిన్నర సెంటీమీటర్లు ఉబ్బుతుంది. గది మొత్తం మీద సగటున ఒక సెంటీమీటరు. అంటే మీ అసలు మందం 5 కాదు, 6. ఇప్పుడు లెక్క కడితే 284 గ్రాములు.

మరి 340 ఎక్కడిది? 284కి ఇంకో ఇరవై శాతం కలపండి, వచ్చేసింది. రెండో కాలిక్యులేటర్ ఉబ్బుని లెక్కలోకి తీసుకుని, పైన కొసరు వేసింది. రెండింటిలో ఏదీ అబద్ధం చెప్పలేదు, చెరో బొంత కొలిచాయి.

ఆ కొసరు గురించి కుట్టుకునేవాళ్ళలో తలో మాట. పది శాతం చాలనేవాళ్ళున్నారు, ముప్ఫై వెయ్యమనేవాళ్ళూ ఉన్నారు. ఫిల్ పవర్ అంకె పొడిగా, చక్కగా విడదీసిన ఈకతో పరీక్ష గదిలో తేల్చింది. అడవిలో మంచు ఉంటుంది, ఒంటి చెమట ఉంటుంది, బొంత ఏడాదంతా మడతలో ఉండి బయటికొస్తుంది. పైగా మీ గదులు పొడవునా ఉన్నాయి కాబట్టి ఈకలు గది పొడవునా అటూ ఇటూ జారి ఒకచోట చేరతాయి, ఇంకోచోట ఖాళీ అవుతుంది. గది కాస్త నిండుగా ఉంటే అంతగా జారవు. అందుకని మీ విషయంలో ఇరవై శాతం సబబే. అంతకు మించి కుక్కితే బరువూ ఖర్చూ పెరుగుతాయి తప్ప మందం పెరగదు.

కొనడం 340 కొనండి. నింపడం మాత్రం ఒకేసారి వద్దు. గదికి 28 గ్రాముల చొప్పున వేసి, మూతులు పిన్నులతో మూసి, ఒక రాత్రి వేలాడదీయండి. పార్శిల్‌లో నలిగి వచ్చిన డౌన్ తేరుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. మర్నాడు బల్బు వెలుగుకి అడ్డంగా పట్టి చూస్తే ఎక్కడ పల్చగా ఉందో తెలిసిపోతుంది. మిగిలిన ఈకలో ఎక్కువ భాగం వీపు కిందికొచ్చే మధ్య ఆరు గదులకి వెయ్యండి. అంచు గదులకి చిటికెడు చాలు.

సుమారు 5 సెం.మీ. పొంగు 4 డిగ్రీల వరకు, ఆరున్నర అయితే సున్నాకి బాగా దిగువ వరకు కాస్తుందని కుట్టుకునేవాళ్ళ మోటు లెక్క. మీ 6 సెంటీమీటర్లు సున్నా దగ్గరికి సరిపోవాలి. మీరు ఏసీ 26లో పెట్టుకుని కూడా దుప్పటి కప్పుకునే మనిషైతే లోపల ఒక స్వెటర్ తప్పదు. ఇంకోటి, బొంతకీ ఉయ్యాలకీ మధ్య సందు ఉంటే ఈ గ్రాములన్నీ దండగ. మీరు ఉయ్యాలలో పడుకుని, ఇంకొకరిని కింద చెయ్యి పెట్టి చూడమనండి. ఖాళీ తగలకూడదు, అలాగని బొంత నొక్కుకుపోయి ఉండకూడదు. తాళ్ళు బిగించడానికి, వదులు చెయ్యడానికి అర గంట పెట్టండి. 650 ఫిల్ పవర్ బదులు 800 కొన్నందుకు మీకు మిగిలేది ఓ డెబ్భై ఎనిమిది గ్రాములు, ఆ అర గంటకి మిగిలేది రాత్రి నిద్ర.

ఆయనే ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు: వంటింటి డిజిటల్ కాటా మీద చిటికెడు చిటికెడు వేస్తుంటే అంకె కదలడం లేదట, కాటా పాడైందా అని.

పాడవలేదు. ఇలాంటి కాటాలు చాలావాటికి సున్నా దగ్గర మెల్లగా వచ్చే మార్పుని పట్టించుకోకుండా మళ్ళీ సున్నాకి సర్దుకునే అలవాటుంది. తిరగేసి తూచండి. డౌన్ సంచి మొత్తం కాటా మీద పెట్టి, బరువు 28 గ్రాములు తగ్గేదాకా అందులోంచి తియ్యండి. బంగారం తూచే చిన్న కాటా దొరికితే ఇంకా మంచిది. ఏదైనా సరే, ముందు ఫ్యాన్, ఏసీ కట్టేయండి. ఒకసారి నేను పాత దిండు విప్పి, పైన ఫ్యాన్ తిరుగుతోందన్న సంగతి మర్చిపోయాను. నెల తర్వాత కూడా పుస్తకాల మధ్య ఈకలు దొరికాయి. బాత్రూమ్‌లో, నేల కొంచెం తడిపి నింపుకోవడం ఉత్తమం.

ప్రశ్న: డిసెంబర్‌లో లంబసింగి వెళ్తున్నాం. హ్యామక్‌లో ఒక్క రాత్రి పడుకోవాలని సరదా. డౌన్ బదులు బూరుగుదూదితో ఇలాంటి బొంత కుట్టించుకోవచ్చా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: కుట్టించుకోవచ్చు గానీ, ఒక్క రాత్రికి అంత శ్రమ అనవసరం. బూరుగుదూది పోగు లోపల బోలుగా ఉంటుంది, గాలిని బాగానే పట్టుకుంటుంది. కాకపోతే ఒకసారి అణిగితే డౌన్‌లా మళ్ళీ లేవదు. సంచిలో కుక్కి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఉండలు కట్టేస్తుంది. నిప్పు కూడా ఇట్టే అంటుకుంటుంది, మీరేమో చలిమంట వేసుకోకుండా ఉండరు. క్యాంపింగ్‌కి వాడే ఫోమ్ మ్యాట్ ఒకటి కొని ఉయ్యాల లోపలే వీపు కింద పరుచుకోండి. అది మీ బరువుకి నలగదు. జారిపోతుంటే భుజాల దగ్గర దుప్పటి చుట్టి ఆనించండి.