టెక్ సందేహాలు: పచ్చటి టిక్కుల కింద పాత పునాది

ప్రశ్న: మా ట్రావెల్స్ కార్యాలయంలో ఇంటర్నెట్ ఫోన్లన్నీ ఫ్రీపీబీఎక్స్ 16 (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్) మీద నడుస్తున్నాయి. మాడ్యూల్స్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తున్నాను. డ్యాష్‌బోర్డులో అన్నీ ఆకుపచ్చ టిక్కులే. సర్వర్‌లో యమ్ అప్‌డేట్ (సాఫ్ట్‌వేర్ సవరణలు తెచ్చే కమాండ్) ఇచ్చినా కొత్తవేవీ లేవంటోంది. అంతా సవ్యంగా ఉన్నట్టేనా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: లేదండీ. యమ్ ఏమీ తేవడం లేదంటే లోపాలు లేవని కాదు, వాటిని సరిచేసి పంపేవాళ్లు లేరని. ఫ్రీపీబీఎక్స్ 16 ఐఎస్ఓతో (ఇన్‌స్టాలేషన్ ఫైలుతో) వేసుకున్న సర్వర్‌కు ఆధారం సెంట్ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. దాని మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. అందులోని పీహెచ్‌పీ 7.4 (అడ్మిన్ పేజీలను నడిపే భాష) మద్దతు 2022 నవంబరులోనే ముగిసింది. మీరు చేస్తున్న మాడ్యూల్ అప్‌డేట్లు పై అంతస్తుకే. కింద ఉన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్) జోలికి అవి పోవు.

ఫోన్ సర్వర్‌లో దూరేవాడికి మీ ఫైళ్లతో పెద్దగా పనిలేదు. మీ ట్రంకు (బయటి కాల్స్ వెళ్లే లైను) మీదుగా రాత్రంతా ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ కలిపి, ఆ సొమ్ములో వాటా పుచ్చుకుంటాడు. బిల్లు మీ పేరిట వస్తుంది. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ముందు అది మూసేయండి. 2025 ఆగస్టులో ఎండ్‌పాయింట్ (ఫోన్ సెట్లను అమర్చే) మాడ్యూల్ లోపాన్ని పట్టుకుని దాడులు జరిగింది అలా తెరిచి ఉంచిన సర్వర్ల మీదే.

ఇక మారాల్సింది ఫ్రీపీబీఎక్స్ 17కి. అది డెబియన్ 12 అనే లినక్స్ మీద నడుస్తుంది. దీర్ఘకాల మద్దతుతో కలిపి డెబియన్ 12కి 2028 జూన్ వరకు భద్రతా సవరణలు అందుతాయి. ఉన్న సర్వర్‌నే 17కి పెంచే వీలు లేదు. వేరే యంత్రంలో కొత్తగా వేసి, 16లో తీసిన బ్యాకప్‌ను అక్కడ రీస్టోర్ చేయాలి. చాన్‌సిప్ అనే పాత డ్రైవర్‌తో నడిచే ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు) ఉంటే ముందుగానే కొత్తదైన పీజేసిప్‌కి మార్చుకోండి. ఫ్రీపీబీఎక్స్ లోపల కాల్స్ నడిపే ఆస్టరిస్క్‌లో 21వ వెర్షన్ నుంచి ఆ పాత డ్రైవర్‌నే తీసేశారు.

ఆ తర్వాత భద్రతా సవరణలను ఆటోమేటిక్‌గా వదిలేయవచ్చు. కెర్నెల్‌ను, ఆస్టరిస్క్‌ను మాత్రం నేనైతే దగ్గరుండి చేసుకుంటాను. ఆస్టరిస్క్ కన్సోల్‌లో 'కోర్ షో ఛానల్స్' ఇచ్చి, యాక్టివ్ కాల్స్ సున్నా అని చూశాకే రీబూట్. మధ్యాహ్నం బుకింగుల వేళ ఫోన్లు మూగబోతే తిట్లు తినేది డెబియన్ కాదు, మీరే!

ప్రశ్న: కెర్నెల్ అప్‌డేట్ అయి సర్వర్ రీబూట్ అయ్యాక పీఆర్ఐ కార్డు (టెలిఫోన్ కంపెనీ డిజిటల్ లైనును సర్వర్‌కు కలిపేది) పలకడం లేదు. కార్డు పోయిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కార్డు బాగానే ఉండి ఉంటుంది. దానికి దారి చూపే డాడీ (DAHDI) డ్రైవర్‌ను ఏ కెర్నెల్‌కు ఆ కెర్నెల్‌కే కంపైల్ చేయాలి. తాత్కాలికంగా, సర్వర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని బూట్ చేయండి, లైన్లు వస్తాయి. ఆ తర్వాత కొత్త కెర్నెల్ హెడర్లు (కంపైల్‌కు కావాల్సిన ఫైళ్లు) వేసి, డాడీని మళ్లీ కంపైల్ చేసుకోండి. పాత కెర్నెల్‌లోనూ లైన్లు రాకపోతే అప్పుడు కార్డును అనుమానించండి.