బీఏలో ఏ సబ్జెక్టు తీసుకోవాలి? సైకాలజీ చదివితే మనసు కుదుటపడుతుందా?

చెల్లెమ్మా, నువ్వు రెండు విషయాలు కలిపి అడిగావు. ఎంపీసీ పూర్తిచేశావు, ఇంజినీరింగ్ వద్దనుకున్నావు. ఎకనామిక్స్, చరిత్ర, స్పెషల్ తెలుగు, సైకాలజీలలో ఏది ప్రధానంగా తీసుకోవాలన్నది ఒకటి. హాస్టల్లో రెండేళ్లు నిద్రలేక నలిగిపోయావు కాబట్టి సైకాలజీ చదివితే మనసు తేలికపడుతుందేమోనన్నది రెండోది. ముందుగా రెండోదానికే జవాబు చెబుతాను.

సైకాలజీ క్లాసులో జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, నేర్చుకోవడం ఎలా జరుగుతుంది, ప్రయోగం ఎలా చేయాలి, లెక్కలతో ఎలా తేల్చాలి అన్నవి నేర్పుతారు. ఆందోళన, కుంగుబాటు గురించిన పాఠాలూ వస్తాయి. వాటినీ పరీక్ష కోసమే చదవాలి. వాటిలో తనను తాను వెతుక్కుంటూ ఇంకా బెంగపడిన స్నేహితురాలిని దగ్గరుండి చూశాను. మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే సైకాలజీ తప్పకుండా తీసుకో. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం డిగ్రీతో ఆగదు. ఆపైన భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, అక్కడ నమోదు కావాలి. నీ నిద్ర సంగతికి చికిత్స వేరు. 14416కు ఫోను చెయ్యి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, మానసిక ఆరోగ్యానికి ఫోనులో సాయం చేసే సేవ. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలనిపిస్తే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాలేజీ తెరిచేవరకు ఆగవద్దు.

ఇక సబ్జెక్టు. నేను రాజమహేంద్రవరంలో చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివాను. అప్పట్లో మూడింటికీ సమానమైన బరువు. 2023లో మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (అనుబంధ సబ్జెక్టు) పద్ధతి వచ్చాక ఆ లెక్క మారింది. అందుకే ఈ ఏడాది నిబంధనలు కాలేజీ ఆఫీసులోనే అడిగి, కాగితం మీద రాయించుకో.

నా సలహా ఎకనామిక్స్ మేజర్. నీకు లెక్కలు వచ్చు, గ్రాఫులు చూసి బెదరవు. అయితే అసలు కారణం మన ఊళ్లే. 2011లో మన కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వేయకుండా పొలాలు వదిలేసి పంట విరామం ప్రకటించారు. అప్పుడు మా ఇంట్లో రోజూ అదే చర్చ, అదే కోపం. మా నాన్నగారు కౌలు రైతు. పంట ఎలా ఉన్నా కౌలు బస్తాలు కొలవాల్సిందే. దమ్ము, నాట్లు, ఎరువులు, కోత కూలి, చివరికి వచ్చిన ధర, ఇవన్నీ వరసగా వేసి ఎకరానికి మిగిలేదెంతో లెక్కకట్టమని డిగ్రీలో మా మేష్టారు అడిగారు. నాన్నగారి పక్కన కూర్చుని ఆ లెక్క వేశాక ఆ విరామం మొండితనం కాదని నాకు బోధపడింది.

పొలిటికల్ సైన్స్ దానికి రెండో సగం చూపించింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలి. యజమాని హైదరాబాదులో ఉంటాడు, సంతకానికి జంకుతాడు. చట్టం ఉన్నా గట్టు మీదికి ఎందుకు చేరదో ఆ ఒక్క సంతకం దగ్గర తెలుస్తుంది. చరిత్ర కూడా ఇక్కడ దూరపు సంగతి కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్టే మన సార్వా, దాళ్వా (రబీ) పంటలకు మూలం. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే వీలుంటే చరిత్రను మైనర్‌గా పెట్టుకోవచ్చు.

తెలుగు సంగతి వేరు. కథలు, పద్యాలు ఎవరూ చెప్పకుండానే చదువుతానని రాశావు కదా, అయితే మైనర్‌గా తెలుగే తీసుకో. కుంగిన ఏడాదిలో ఇష్టంగా తెరిచే పుస్తకం ఒకటి చేతిలో ఉండాలి.

ఉద్యోగాల గురించి మీ ఇంట్లో అడుగుతారు. గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బీఈడీ చేసి సోషల్ టీచరు కావడానికి ఈ సబ్జెక్టులు పనికొస్తాయి.

ఫారం నింపే ముందు సీనియర్లను ఒక మాట అడుగు: ఆ సబ్జెక్టుకు రోజూ క్లాసు చెప్పే లెక్చరర్ ఉన్నారా? పోస్టు ఖాళీగా ఉంటే పేరున్న కాలేజీలోనూ గైడు పుస్తకమే గతి. ప్రయాణం కూడా చూసుకో. నేను రావులపాలెం దగ్గరి మా ఊరి నుంచి బస్సులో వెళ్లివచ్చేదాన్ని. సాయంత్రం ఇల్లు చేరేసరికి పుస్తకం పట్టే ఓపిక ఉండేది కాదు. అమలాపురంలోనే మంచి ఎకనామిక్స్ మేష్టారు దొరికితే నీ నిద్రకు, చదువుకు అదే మేలు. పాఠాలు ఇంగ్లిష్ మీడియంలో ఉంటాయి. మొదటి సెమిస్టరులో చదివినదాన్ని రోజూ అరపేజీ సొంత మాటల్లో రాయడం అలవాటు చేసుకో. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో కూడా చేరు. రెండేళ్లలో 240 గంటల సేవ ఉంటుంది. హాస్టల్ గదిలో ముడుచుకుపోయిన మనిషికి నలుగురితో కలిసి చేసే పని ఎంత అవసరమో నాకు తెలుసు.

ఇంకా తేలకపోతే ఎకనామిక్స్, సైకాలజీ మొదటి సెమిస్టరు పుస్తకాలు ఎవరినైనా అడిగి తెచ్చుకో. ఒక్కోదానిలో ఒక పాఠం పూర్తిగా చదివి, వెనకనున్న ప్రశ్నల్లో ఒకదానికి జవాబు రాసి చూడు. రాస్తున్నప్పుడు ఇంకా చెప్పాలనిపించిన సబ్జెక్టునే ఫారంలో మొదట పెట్టు.