మిగతా బ్లాక్ ఎందుకు వదిలేశారంటే

గుండెపోటు వచ్చిన రోజు మీ నాన్నగారికి ఒక్క రక్తనాళానికే స్టెంట్ వేసి, ఇంకో నాళంలో 80 శాతం బ్లాక్ ఉన్నా నెల తర్వాత రమ్మన్నారని కదా మీ టెన్షన్. ఇందులో నిర్లక్ష్యమేమీ లేదండి. ఆ గంటలో ముఖ్యమైన పని ఒక్కటే, గడ్డ కట్టి పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని తెరవడం. అర మిల్లీమీటరు మందం కూడా లేని తీగను ముందు ఆ గడ్డ దాటిస్తారు. తర్వాత బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేసి, మళ్లీ మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం పెడతారు. ఎక్స్‌రే తెర మీద నాళాలు కనబడేందుకు డై అనే ద్రవం ఎక్కిస్తారు; అప్పటిదాకా మధ్యలో తెగిపోయినట్టు కనిపించిన నాళం దాంతో చివరిదాకా నల్లగా నిండిందంటే రక్తం పారుతున్నట్టే.

రెండో నాళంలో రక్తం ఎంతో కొంత పారుతూనే ఉంది కాబట్టి ఆగొచ్చు. అన్నీ ఒకే పూట చేస్తే ఎక్కించే డై ఎక్కువై కిడ్నీలకు భారం. అలాగని వాయిదా మీద వాయిదా వేయకండి. 2019లో వచ్చిన కంప్లీట్ అనే పెద్ద అధ్యయనంలో, మిగతా బ్లాకులకు 45 రోజుల్లోపు స్టెంట్ వేయించుకున్నవారిలో మళ్లీ గుండెపోటు రావడం తగ్గింది.

ఈలోగా ఆస్పిరిన్, దాంతోపాటు ఇచ్చిన క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు, కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదముంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు కార్డియాలజిస్టును అడగండి. మళ్లీ ఛాతీ నొప్పి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.