ఏ కొట్టని అడక్కు, ఎప్పుడు దిగుతుందో అడుగు

బరంపురం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు కారులో భువనేశ్వర్, కటక్, కోణార్క్, పూరీ తిరిగొస్తామన్నావు. అల్లుడుగారికి తీపంటే ప్రాణం కాబట్టి దారిలో మంచి స్వీటు షాపుల పేర్లు రాసి పంపమన్నావు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పట్టుచీరల మూటతో ముప్పై ఏళ్లు ఈ దారులన్నీ తిరిగినవాణ్ని. అటు కటక్ దాకా, ఇటు అనకాపల్లి దాకా నేను దిగని బస్టాండు లేదు. అయినా నీకు కొట్ల పేర్లు రాయను. నాకు తెలిసిన కొట్లలో సగం చేతులు మారిపోయాయి. బోర్డు పాతదే ఉంటుంది, పొయ్యి దగ్గర మనిషి మారిపోయి ఉంటాడు. నువ్వు అడగాల్సింది "ఇక్కడ ఏ కొట్టు మంచిది" అని కాదు. "ఇక్కడ ఏది బాగుంటుంది, అది పొయ్యి మీంచి ఎప్పుడు దిగుతుంది" అని. నాకు ఈ విషయం తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

మన తీపి వేరు, ఒడిశా తీపి వేరు. మనది బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి. సంక్రాంతికి వండిన అరిసెలు చాలా రోజులు డబ్బాలో ఉన్నా తింటాం. వాళ్లది ఎక్కువగా ఛెనా. పాలు కాచి విరగ్గొట్టి, గుడ్డలో కట్టి నీళ్లు పిండితే మిగిలే తెల్లటి ముద్ద. దాంతో చేసినవాటికి చాలామటుకు ఒక్కరోజే ఆయుష్షు. పొద్దున దిగిన సరుకు రాత్రికి బిగుసుకుంటుంది, మర్నాటికి పులుపు తిరుగుతుంది. ఎంత పేరున్న కొట్టయినా ఇందులో మినహాయింపు లేదు.

మా అమ్మ సంగతి నీకు తెలియదు. నువ్వప్పటికి పుట్టలేదు. చివరి రోజుల్లో ఆవిడకి నోటికి ఏదీ రుచించేది కాదు. ఒకరోజు "ఒరే, ఛెనాఝిలి తినాలని ఉందిరా" అంది. అదీ ఛెనాతో చేసే మిఠాయే. నేను ఆ వారమే అటు వెళ్లే పని ఉండి, తిరుగు ప్రయాణంలో ఒక పెద్ద టౌన్‌లో, అద్దాల బీరువాలున్న కొట్లో కిలో కట్టించుకున్నాను. ఈ రోజుదేనా అని అడిగితే ఇప్పుడే చేశామన్నారు. పొయ్యి ఎక్కడుందో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇంటికొచ్చి దొన్నెలో పెట్టి అమ్మకిచ్చాను. కొరికి, ఒక్క క్షణం అలా ఉంచుకుని, "బాగుందిరా, తర్వాత తింటాలే" అని పక్కన పెట్టేసింది. నేను నోట్లో వేసుకుంటే పులుపు. అది కనీసం రెండు రోజుల సరుకు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ అడగలేదు, నేను మళ్లీ తెచ్చే వీలూ లేకపోయింది. అప్పట్నుంచి పొయ్యి కనబడని చోట నేను పాల మిఠాయి కొనలేదు. నువ్వూ కొనకు.

సరే, దారి చెప్తాను. పొద్దున్నే బయల్దేరితే ఛత్రపురం, రంభ, బాలుగావ్ మీదుగా చిలికా పక్కనుంచి వెళ్తారు. ఆ దారిలో తీపి కోసం ఆగక్కర్లేదు, పిల్లలకి సరస్సు చూపించండి చాలు. భువనేశ్వర్ దాటి కటక్ వైపు వెళ్తుంటే హైవే పక్కనే పహళ వస్తుంది. అక్కడ మాత్రం తప్పకుండా ఆగాలి.

పహళలో రోడ్డు పక్కన వరసగా రసగుల్లా కొట్లే. వాళ్లు రసగోళా అంటారు. నువ్వు డబ్బాల్లో చూసే తెల్లటి, రబ్బరు బంతుల్లాంటివి కావు ఇవి. పాకంలో ఎక్కువసేపు ఉడకడం వల్ల మీగడ రంగులోకో లేత గోధుమ రంగులోకో తిరుగుతాయి. కొట్టు ముందు నిలబడి ఎక్కడ కొందామా అని చూడకు. వెనక పెద్ద మూకుళ్లు ఉంటాయి, ఏ మూకుడులో పాకం నురుగు కట్టి ఉండలు తిరుగుతున్నాయో చూడు. అక్కడికే వెళ్లు. ముందు బేసిన్లలో చల్లారినవి పెట్టి ఉంటాయి, అవి ఇవ్వబోతారు. "గరం అఛి కి?" అని అడుగు. వేడివి ఉన్నాయా అని. లేవంటే "కేతేబేళే బాహారిబ?" అను, ఎప్పుడు దిగుతాయని. అరగంటన్నా ఆగొచ్చు, నష్టం లేదు. నీ ఒడియా ఎంత తప్పుల తడకైనా ఈ రెండు ముక్కలు వాళ్ల భాషలో అడిగితే చేసేవాడు తలెత్తి చూస్తాడు, జల్లిగరిటెతో మూకుడులోంచే తీసి దొన్నెలో వేస్తాడు.

ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కు. పాకం వదిలి, మళ్లీ నెమ్మదిగా ఉబ్బి తన రూపానికి రావాలి. నొక్కినచోట చితికిపోతే పిండి ఎక్కువ కలిపారన్నమాట. పళ్ల కింద కిర్రుమంటే ఛెనా సరిగ్గా మెదపలేదని లెక్క. పిల్లలకి మాత్రం రెండుగా చీల్చి, ఊది పెట్టు. పైన చల్లారినట్టుంటుంది గానీ లోపలి పాకం నోరు కాలుస్తుంది. ఎవరి రసగుల్లా గొప్పదని బెంగాల్‌కీ ఒడిశాకీ పెద్ద వాదన నడిచి, 2017లో వాళ్లకీ 2019లో వీళ్లకీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తగువు మనకొద్దు. కానీ పిల్లలకి ఈ కథ చెప్పు. రథయాత్రకి అన్నాచెల్లెళ్లతో గుండిచా గుడికి వెళ్లిన జగన్నాథుడు తిరిగొచ్చేసరికి, తనని వదిలి వెళ్లాడని లక్ష్మీదేవి అలిగి తలుపు వేసేస్తుంది. స్వామి రసగుల్లా ఇచ్చి ఆవిణ్ని ప్రసన్నం చేసుకుంటాడు. నీలాద్రి బిజే అంటారు ఆ రోజుని. మీ అమ్మకి ఈ కథ చాలా ఇష్టం.

రసగుల్లా కుండల్లో కట్టించుకుని ఇంటికి తేవద్దు. అది అక్కడే తినాలి. ఇంటికి తేవాల్సింది ఛెనాపోడ.

దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకు. పోడ అంటే కాలినది. పుట్టింది నయాగఢ్ వైపు. ఛెనాలో చక్కెర, కొంచెం రవ్వ, యాలకులు, జీడిపప్పు వేసి మెదిపి, సాల్ ఆకుల్లో చుట్టి, సన్నని నిప్పు మీద గంటల తరబడి కాలుస్తారు. చక్కెర అంచుల్లో మాడి నల్లబడుతుంది, ఆ మాడే దాని రుచి. మంచి ఛెనాపోడని కోసినప్పుడు చూడు. పైన ముదురు గోధుమ రంగు, అంచున నల్లటి గీత, లోపల మీగడ రంగు, అక్కడక్కడ చిన్న చిన్న కన్నాలు. అడుగున ఆకు ఈనెల అచ్చు పడి ఉంటుంది. ఆ అచ్చు కనబడలేదంటే రేకు పళ్లెంలో ఓవెన్‌లో కాల్చినట్టే. అదీ చెడ్డది కాదు గానీ ఆకు వాసన రాదు. నడిమి ముక్క మెత్తగా, అందంగా ఉంటుందని కొత్తవాళ్లు అదే అడుగుతారు. నువ్వు అంచు ముక్క అడుగు.

ఛెనా మిఠాయిల్లో ప్రయాణానికి తట్టుకునేది ఇదొక్కటే. బాగా కాలింది కాబట్టి ఎండాకాలం కాకపోతే మర్నాటికి కూడా బాగుంటుంది. నా మటుకు నాకు వేడి మీద కన్నా చల్లారాకే నచ్చుతుంది, రుచి అప్పుడే కుదురుకుంటుంది. తెచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టించకు, చెమ్మ పట్టి అంచు మెత్తబడిపోతుంది. ఇంటి నుంచి ఒక స్టీలు డబ్బా పట్టుకెళ్లు, అడుగున ఆకు వేసి పెట్టించుకో, మూత కొంచెం వదులుగా ఉంచు.

ఇంకో మాట. మొగలిపువ్వు వాసన గుప్పుమంటే అనుమానించు. ఆ పువ్వు మన గంజాం సముద్రతీరపు సొత్తు. ఇక్కడి తోటల్లోంచే రాగి డేగిశాల్లో కాచి తీసిన అత్తరు దేశమంతా వెళ్తుంది. దాని మీద నాకు ఎంత ప్రేమో నీకు తెలుసు. మిఠాయిలో ఒక్క చుక్క పడితే ప్రాణం లేచొస్తుంది. కానీ కొట్టు గుమ్మంలోకే ఆ వాసన తగిలిందంటే, పాల వాసన తేడా వచ్చి దాన్ని కప్పడానికి పోసి ఉండొచ్చు.

కటక్‌లో దసరాకి వెండి తీగపనితో అమ్మవారి మండపాలు కడతారు, రాత్రిపూట చూడండి. భువనేశ్వర్‌లో లింగరాజు గుడి దగ్గర కొరాఖయి కొనండి. పేలాలని పాకంలో వేయించి కొబ్బరి ముక్కలు కలిపి చేస్తారు. పాడవదు, కారులో పిల్లల చేతికి ఇస్తే దారి పొడుగునా నములుతూ గొడవ చేయకుండా కూర్చుంటారు.

కోణార్క్ వెళ్లే దారిలో నిమాపడా తగులుతుంది. ఛెనాఝిలి ఆ ఊరిదే. ఛెనాని నెయ్యిలో వేయించి పలచటి పాకంలో వేస్తారు. లోపల గుల్లగా, తడితడిగా ఉంటుంది, నమిలే పని ఉండదు. పొయ్యి వెలిగాకే వెళ్లు. మూకుడు పక్కన నిలబడి, పాకంలోంచి తీసినవాటిలోంచే అడుగు. మా అమ్మ పేరు చెప్పుకుని ఒకటి ఎక్కువ తిను.

పూరీలో రెండు రకాలు. గుడి లోపల ఆనందబజారులో దొరికే మహాప్రసాదానికి మధ్యాహ్నం భోగం అయ్యాక వెళ్లాలి, కట్టెల పొయ్యి మీద మట్టికుండల్లో వండినది వేడి వేడిగా దొరుకుతుంది. కింద కూర్చుని తినండి, అక్కడ అందరూ అలాగే తింటారు. రెండోది ఖాజా. ఇది ఎన్ని రోజులైనా నిలుస్తుంది కాబట్టి పంచిపెట్టడానికి ఇదే కొను. అల్లుడుగారు కాకినాడ వైపు వారు కదా, కాజాతో పోల్చి చూస్తారేమో. పోల్చొద్దని చెప్పు. కాకినాడ గొట్టం కాజా కొరికితే పాకం కారుతుంది. తాపేశ్వరం మడత కాజా మెత్తగా పొరలు విప్పుకుంటుంది. పూరీ ఖాజా పొడిగా, కరకరలాడుతూ విరుగుతుంది. మూడూ మూడు రకాలు. కొనేటప్పుడు మాత్రం ఒకటి విరిచి వాసన చూడు. పాత నూనె వాసన ముక్కుకి వెంటనే తెలుస్తుంది.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యమే. హోటల్ రిసెప్షన్‌లో అడక్కు, వాళ్లు టూరిస్టులు వెళ్లే చోటు చెప్తారు. టీ బడ్డీ దగ్గర లారీ డ్రైవర్లని అడుగు, పొద్దున పాలు పోసేవాళ్లని అడుగు. ఏ కొట్టుకి ఎన్ని పాలు వెళ్తున్నాయో పాలవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పాలు ఎక్కువ వెళ్లే చోట సరుకు నిలవ ఉండదు.

కొన్నిటికి వేళ గంటల్లో కాదు, నెలల్లో ఉంటుంది. జూన్ నడిమిలో రజొ పండగ మూడు రోజులూ పోడపిఠా కాలుస్తారు (పిఠా అంటే పిండివంట), అప్పుడు ఒడియా ఇంటికి వెళ్తే పెట్టకుండా పంపరు. వాళ్ల లెక్కలో మార్గశిరంలో వచ్చే ప్రథమాష్టమికి పసుపు ఆకులో చుట్టి ఆవిరి మీద ఎండూరి పిఠా వండుతారు, ఆ ఆకు వాసన కొట్టువాడు తేలేడు. మన అరిసెనే వాళ్లు అరిసా అంటారు. బరంపురంలో పుట్టి పెరిగిన మాకు ఆ రెండిట్లో తేడా ఎప్పుడూ కనపడలేదు.

ఇటువైపు వచ్చేటప్పుడు, అంటే వచ్చే నెల విశాఖపట్నం వెళ్తానన్నావు కదా, అప్పుడు ఇంత హడావుడి అక్కర్లేదు. పలాసలో జీడిపప్పు పాకం, ఇంకా కిందికి వెళ్తే మాడుగుల హల్వా. గోధుమ పాలు, నెయ్యి కాబట్టి రోజుల తరబడి నిలుస్తుంది. చేతికి నెయ్యి అంటాలి, పళ్లకి అంటుకోకూడదు, అంతే చూసుకో.

నాకేమీ తేవద్దు, షుగరు ఉంది. మీ అత్తయ్యకి మాత్రం ఛెనాపోడ అరకిలో, అంచు ముక్కలే. తిరుగు ప్రయాణంలో రాత్రి భోజనం ఇక్కడే. అత్తయ్య కాకరా పిఠా చేస్తానంటోంది, రవ్వ, కొబ్బరి అన్నీ తెచ్చిపెట్టాను. ఛత్రపురం దాటగానే ఒక ఫోన్ కొట్టు. అప్పుడే మూకుడు పొయ్యి మీద పెడుతుంది.

మీ మామయ్య