ఓడ దగ్గరే కథ ఆపకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పక్కింటి పెద్దావిడ తాతగారు లిథువేనియాలోని పల్లె వదిలి, పెన్సిల్వేనియా బొగ్గు గనుల మీదుగా షికాగో కబేళాలకు ఎలా చేరారో రాయాలనుకోవడం నాకు నచ్చింది. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది కాబట్టి దాని గురించి మాట్లాడను. మిగతా సంగతులు మాట్లాడాలి, కొంచెం కటువుగానే.

మొదటి పేరా మొత్తం కొట్టెయ్యి. లిథువేనియన్ భాషకూ సంస్కృతానికీ చుట్టరికం ఉన్నమాట నిజమే. ఆ దేశం పేరెత్తగానే మనకు ముందు అదే గుర్తొస్తుంది, అందుకే దాన్ని మొదట్లో పెట్టకూడదు. చంపిన గొడ్ల రక్తంలో నిలబడి రోజుకూలి సంపాదించిన మనిషికి ఆ చుట్టరికంతో పని లేదు.

ఇక ఎల్లిస్ ఐలండ్ ఘట్టం, అంటే న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్లను తనిఖీ చేసిన చోటు. గుమాస్తాకు నోరు తిరగక పేరు మార్చి రాశాడన్నావు. అమెరికాలో ఎన్నో ఇళ్లలో చెప్పుకునే కథ ఇది. పెద్దావిడ నమ్మి చెప్పింది, నువ్వు నమ్మి రాశావు. ప్రయాణికుల జాబితాను ఓడ కంపెనీవాళ్లు బయలుదేరే రేవులోనే, హాంబర్గ్‌లోనో బ్రెమెన్‌లోనో, రాసేవారు. న్యూయార్క్‌లో ఇన్‌స్పెక్టర్ ఆ జాబితానే ముందు పెట్టుకుని ప్రశ్నలడిగేవాడు. పేర్లు మారింది ఆ తర్వాత: గనిలో జీతాల పుస్తకం రాసేవాడి దగ్గర, పిల్లల బడిలో, పౌరసత్వం కోర్టులో, చాలాసార్లు వాళ్ల ఇష్టంతోనే. నిజానికి ఓడ ఎక్కకముందే ఒక్కో ఇంటిపేరుకు రెండు మూడు రూపాలుండేవి. అక్కడ అతి సాధారణమైన కజ్లౌస్కస్ అనే పేరునే చూడు. పోలిష్‌లో రాసిన చర్చి పుస్తకంలో అది కొజ్వోవ్‌స్కి, జారు అధికారి కాగితంలో కొజ్లోవ్‌స్కీ. అతని భార్య కజ్లౌస్కియెనే, పెళ్లికాని కూతురు కజ్లౌస్కైతే. ఇది గుర్తుంచుకో, ముందుముందు అవసరపడుతుంది.

ఎందుకంటే నీ వ్యాసంలో నన్ను పట్టుకున్నది ఒకే ఒక వాక్యం: ‘ఊళ్లో ఆయన చెల్లెలు ఉండిపోయింది, కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి.’ దాన్ని నువ్వు చివరి పేజీలో, రెండు కామాల మధ్య పడేసి వెళ్లిపోయావు. తాతగారు రేవులో దిగగానే కథ అయిపోయిందనుకున్నావు. ఆ చెల్లెలి కోసం మళ్లీ మొదలుపెట్టు.

ముందు ఊరు కావాలి. ‘లిథువేనియా’ అంటే సరిపోదు, ‘కౌనస్ దగ్గర’ అన్నా సరిపోదు. పాత కాగితాలు ఊరిని నాలుగు మెట్లలో చెబుతాయి: గుబెర్నియా (జారు కాలపు రాష్ట్రం), జిల్లా, చర్చి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే పల్లెలు), పల్లె. ఒకే పేరున్న పల్లెలు అక్కడ ఎన్నో ఉన్నాయి కాబట్టి పారిష్ తెలియకుండా పల్లె పేరు ఒక్కటే తెలిసినా లాభం లేదు. మద్రాసు రేవు నుంచి నాతాల్ వెళ్లిన మన కూలీల ఓడ జాబితాల్లో జిల్లా, తాలూకా, గ్రామం అని గడులుండేవి. ఆ గడుల పుణ్యమా అని దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు కొన్ని తమ ఊళ్లు కనుక్కోగలిగాయి. లిథువేనియా వాళ్లకు ఆ వరస ఒక్కచోట దొరకదు, ముక్కలుగా ఏరుకోవాలి.

ఏరుకునేటప్పుడు ప్రతి కాగితాన్నీ ఎవరు, ఎవరి కోసం రాశారో అడుగు. అమెరికా జనాభా లెక్కల మనిషికి కావలసింది ప్రభుత్వం గుర్తించిన దేశం పేరు. 1795 నుంచి లిథువేనియా చాలావరకు జారు సామ్రాజ్యంలో ఉంది, 1918లో గానీ స్వతంత్రం ప్రకటించుకోలేదు. అందుకే పాత లెక్కల్లో నీ మనిషి ‘రష్యా’లో పుట్టి ఉంటాడు. 1910 లెక్కల్లో మాతృభాష కూడా అడిగారు, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. ఓడ కంపెనీ లెక్క వేరు: అమెరికా తిప్పి పంపిన ప్రయాణికుణ్ణి సొంత ఖర్చుతో వెనక్కి తీసుకుపోవలసింది ఆ కంపెనీయే. కాబట్టి జాబితాలోని జవాబులన్నీ ఇన్‌స్పెక్టర్‌ను తృప్తి పరిచేలా ఉంటాయి. వయసునూ వృత్తినీ ‘అన్న దగ్గరికి వెళ్తున్నాను’ అన్నమాటనూ కొంచెం అనుమానంతోనే చదువు. ఇక జారు ప్రభుత్వం వైపు నుంచి కాగితమే ఉండకపోవచ్చు. 1874 నుంచి సైనిక సేవ అందరికీ తప్పనిసరి చేశారు. దాన్ని తప్పించుకోవడానికీ, పాస్‌పోర్టు ఖర్చూ ఆలస్యమూ తప్పించుకోవడానికీ ఎందరో కుర్రాళ్లు దళారికి డబ్బిచ్చి రాత్రివేళ ప్రష్యా (జర్మనీ) సరిహద్దు దాటారు.

1899 నుంచి ఓడ జాబితాల్లో జాతి అనే గడి ఉంది. లిథువేనియన్, పోలిష్, హీబ్రూ అని విడివిడిగా రాశారు. ముందు ఆ గడి చూడు. కుటుంబం యూదులదైతే నేను చెప్పే దారి చాలావరకు పనికిరాదు. వాళ్లకు కావలసినవి యూదు సమాజపు జనన మరణ రిజిస్టర్లు, పన్నుల కోసం జారు ప్రభుత్వం తయారుచేసిన జనాభా పట్టీలు. వాళ్ల చుట్టాల్ని షికాగోలో ఎంత వెతకాలో జొహానెస్‌బర్గ్‌లోనూ అంతే వెతకాలి. ఊళ్లో ఉండిపోయినవాళ్ల కథ మాత్రం 1941 దగ్గర ఆగుతుంది. లిథువేనియా యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా హత్యకు గురయ్యారు. పెద్దావిడ మాటల్ని బట్టి వీళ్లు కాథలిక్కులు, కాబట్టి చర్చి దారి పట్టు.

తాతగారు వచ్చింది 1907 తర్వాతైతే నీ అదృష్టం. అప్పటి నుంచి జాబితా రెండు పేజీలైంది, పుట్టిన ఊరు, స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు, చిరునామా అడిగారు. అంతకుముందే వస్తే పౌరసత్వ దరఖాస్తు వెతుకు. 1906 సెప్టెంబరు తర్వాతి దరఖాస్తుల్లో పుట్టిన తేదీ, ఊరు, ఓడ పేరు, భార్యాపిల్లల వివరాలు ఉంటాయి. ఆడవాళ్ల పేరుతో అలాంటి కాగితాలు అరుదు. 1922 దాకా భర్త పౌరుడైతే భార్యా పౌరురాలే. ఆయన 1936 తర్వాత కూడా పనిచేసి ఉంటే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరు స్వయంగా చెప్పి రాయించి ఉంటారు. షికాగోలోని సెయింట్ కాసిమిర్ శ్మశానానికి ఒక ఆదివారం వెళ్లిరా. ఆయన రాయి ఒక్కటే కాకుండా ఆ వరుస మొత్తం ఫోటో తియ్యి. ఒకే పారిష్ నుంచి వచ్చినవాళ్లు బతికినంత కాలం పక్కపక్కనే ఉన్నారు, పోయాక కూడా చాలామంది అంతే.

ఇవన్నీ అధికారులు అడిగితే చెప్పిన జవాబులు. ఎవరూ అడగకుండా వాళ్లంతట వాళ్లు రాసుకున్నవి పత్రికల్లో ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, నీ వ్యాసంలో మాటవరసకైనా లేనిదీ ఇదే. 1863–64 తిరుగుబాటు అణచివేత తర్వాత జారు ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వేయడాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1904 దాకా సాగింది. ప్రార్థన పుస్తకాలు కూడా ప్రష్యాలో అచ్చయి, మూటల్లో దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చేవి. అమెరికాలో ఆ భయం లేదు. అందుకే సొంత దేశంలో పత్రిక పెట్టలేని రోజుల్లో పెన్సిల్వేనియా గనుల ఊళ్లలో లిథువేనియన్ పత్రికలు పుట్టాయి: 1886లో ప్లిమత్‌లో ఒకటి, 1888లో మహనాయ్ సిటీలో ‘సౌలె’. తర్వాత బోస్టన్‌లో ‘కెలెయ్విస్’, ఇప్పటికీ షికాగో నుంచి వస్తున్న ‘ద్రౌగస్’.

ఆ పత్రికల వెనక పేజీల్లో ‘పయియెష్కోయిమాయ్’ అనే శీర్షిక కింద చిన్న ప్రకటనలు వచ్చేవి. తప్పిపోయినవాళ్ల కోసం వెతుకులాట అన్నమాట. ఫలానా గుబెర్నియా, ఫలానా జిల్లా, ఫలానా పారిష్, ఫలానా పల్లెకు చెందిన నా తమ్ముడు కొన్నేళ్ల కిందట షెనాండోవాలో (అదీ పెన్సిల్వేనియా గనుల ఊరే) ఉండేవాడు, ఆచూకీ తెలిసినవాళ్లు రాయండి అని. నేను ఆ గనుల ప్రాంతం గురించి రాసిన రోజుల్లో మైక్రోఫిల్మ్ ముందు గంటలకొద్దీ కూర్చుని ఈ ప్రకటనలే చదివేదాన్ని, చూడవలసిన వార్తలు పక్కనపెట్టి. భార్యలు భర్తల కోసం వెతుకుతున్నారు. డబ్బు పంపడం మానేసిన కొడుకు కోసం పల్లెలోని తల్లి తరఫున ఎవరో వెతుకుతున్నారు. నాలుగు మెట్ల చిరునామా ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేనంత శుభ్రంగా ఇక్కడ ఉంటుంది, ఎందుకంటే ఇది రాసినవాళ్లకు మనిషి దొరకడమే కావాలి. తాతగారి పేరుతోనే ప్రకటన దొరకాలని లేదు. అదే పల్లె పేరున్న ఏ ప్రకటన కనబడినా నోటు పుస్తకంలో ఎక్కించుకో.

షెనాండోవాలో సెయింట్ జార్జ్ చర్చిని 2010లో కూల్చేశారు. భవనం కోసం అక్కడిదాకా పోకు, రిజిస్టర్లు ఎక్కడున్నాయో డయోసిస్‌కు (ఆ ప్రాంతపు బిషప్ కార్యాలయానికి) రాసి కనుక్కో. గని ప్రమాదాల రిజిస్టర్లు పెన్సిల్వేనియా రాష్ట్ర పురాలేఖశాలలో ఉన్నాయి. ఆయన అక్కడ పనిచేసినట్టు వేరే రుజువు దొరక్కపోతే వాటిని చూడు.

పారిష్ తెలిసిందంటే పని లిథువేనియా రాజధాని విల్నియస్‌కు మారుతుంది. అక్కడి ప్రభుత్వ చరిత్ర పురాలేఖశాలలో చర్చి పుస్తకాలున్నాయి, చాలావాటిని ‘ఎపావెల్దాస్’ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. భాష చూసి బెదిరిపోకు. లాటిన్, పోలిష్, 19వ శతాబ్దం మధ్యనుంచి క్రమంగా రష్యన్. స్వతంత్రం వచ్చేదాకా లిథువేనియన్ మాత్రం సాధారణంగా ఉండదు. చేతిరాత అలవాటయ్యేదాకా పేర్లూ నెలలూ గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు. సువల్కీ గుబెర్నియా పుస్తకాలు అందంగా ఉంటాయి. ఫలానా రోజు ఫలానా గంటకు ఫలానా రైతు, ఇంత వయసువాడు, ఇద్దరు సాక్షులతో వచ్చి బిడ్డను చూపించాడని పూర్తి వాక్యాల్లో రాశారు. తేదీలతో మాత్రం జాగ్రత్త. 19వ శతాబ్దంలో రష్యా పంచాంగం 12 రోజులు వెనక నడిచేది, 20వ శతాబ్దంలో 13. అమెరికా కాగితంతో తేదీ కలవనంత మాత్రాన వేరే మనిషి అనుకోకు.

తాతగారి బాప్తిస్మం దొరికాక సంబరపడి ఆగిపోకు. అదే పారిష్‌లో చెల్లెలి పెళ్లి వెతుకు. కన్నెపేరు ‘ఐతే’తోనో ‘ఈతే’తోనో ‘ఊతే’తోనో ముగుస్తుంది, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుకు ‘ఇయెనే’ చేరుతుంది. ఆ కొత్త పేరు తెలియకపోతే 1920 తర్వాత ఆమె నీకు కనబడదు. దేశం స్వతంత్రమయ్యాక కూడా 1940 దాకా పెళ్లిళ్ల నమోదు చాలావరకు చర్చి చేతిలోనే ఉంది.

ఉత్తరాలు ఎందుకు ఆగాయో నువ్వు ‘కాలం గడిచేకొద్దీ బంధాలు సన్నగిల్లాయి’ అని రాశావు. ఎవరు చెప్పారు? ఉత్తరాలు ఏ సంవత్సరం దాకా వచ్చాయో పెద్దావిడను అడిగావా? 1940 దగ్గర ఆగి ఉంటే బంధం సన్నగిల్లడం కాదు, ఆ జూన్‌లో సోవియట్ సైన్యం వచ్చింది. 1941 జూన్ 14న మొదటి సామూహిక బహిష్కరణ మొదలైంది. 1948 మే నెలలో కొద్ది రోజుల్లోనే సుమారు 40 వేల మందిని రైలు పెట్టెల్లో సైబీరియాకు తరలించారు, మరుసటి మార్చిలో ఇంకా ఎందరినో. వాళ్లలో పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారు. సొంత పొలమున్న రైతు భార్య అయితే ఆమె పేరు ఆ జాబితాల్లో ఉండవచ్చు. విల్నియస్‌లోని జాతిహత్య, ప్రతిఘటన పరిశోధన కేంద్రం వాటిని ప్రచురించింది. 1944లో జర్మనీవైపు పారిపోయి శరణార్థి శిబిరం చేరి ఉంటే జర్మనీలోని ఆరోల్సెన్ పురాలేఖశాలలో కార్డు ఉండవచ్చు, అది ఇంటర్నెట్‌లోనే వెతకొచ్చు. ఊళ్లోనే ఉండిపోయినా, అమెరికాలో అన్న ఉన్నాడని పైకి చెప్పుకునే కాలం కాదది. ఏది జరిగిందో తెలిసేదాకా ఆ వాక్యం ఖాళీగా ఉంచు.

ఖాళీల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ‘ఓడ మెట్లెక్కుతూ ఆయన వెనక్కి తిరిగి చూశాడు, కళ్లు చెమర్చాయి’ అని రాశావు. అది నీ కల్పన. కథ రాస్తున్నానని చెప్పి రాస్తే నాకు అభ్యంతరం లేదు. కుటుంబ చరిత్ర అని పేరు పెట్టాక ఆ కన్నీళ్లకు చోటు లేదు, వాటిని రేపు ఆయన మునిమనవలు నిజమనుకుంటారు. సంతకం చేయవలసినచోట ఆయన ఇంటూ గుర్తు పెట్టారా, పేరు రాశారా చూడు. అచ్చుపుస్తకం నేరమైన దేశంలో పెరిగిన కుర్రాడు తన పేరు తాను రాసుకోగలిగితే ఇంట్లో ఎవరో చాటుగా నేర్పి ఉండవచ్చు. అంతమట్టుకు రాసి ఊరుకో.

అలాగే ఊరికి వెళ్లినట్టు రాయాలని ఉబలాటపడకు. 1922 భూసంస్కరణ తర్వాత ఎన్నో పల్లెల్ని విడగొట్టి ఇళ్లను ఎవరి పొలంలోకి వాళ్లు తరలించుకున్నారు. తర్వాత సోవియట్ కాలంలో పొలాలకు మురుగు కాలువలు వేస్తూ ఆ విడి ఇళ్లనూ కూల్చారు. పటంలో పేరు మిగిలి, చోటు చూస్తే గోధుమ చేను ఉండొచ్చు.

చెల్లెలి మనవలు ఎవరైనా దొరికితే తొందరపడి ఫోను చెయ్యకు. ఉత్తరం రాయి, లిథువేనియన్‌లో, ఒక్క పేజీ. మొదటి వాక్యంలో తాతగారి పేరు, రెండోదానిలో చెల్లెలి కన్నెపేరు, పారిష్. 1991 నుంచి పాత యజమానుల వారసులకు భూములు తిరిగి ఇచ్చే చట్టం నడిచింది కాబట్టి అమెరికా నుంచి చుట్టరికం కలుపుకుంటూ ఎవరైనా వస్తే పొలంలో వాటా కోసమేనా అన్న అనుమానం సహజం. భూమి సంగతి అడగడానికి కాదని స్పష్టంగా రాయించు. పెద్దావిడ దగ్గరున్న పాత ఫోటోకు నకలు తీసి జతచెయ్యి, అసలుది పంపకు. ఫోటో వెనక ఏమైనా రాసి ఉంటే ఆ వైపు కూడా నకలు తీయించు, నాకూ ఒకటి పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి