సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నాం, మెయిన్ డోర్‌కి ఏ కంపెనీ తాళం కొంటే మంచిది?

ఏ కంపెనీదైనా పర్లేదు. ముందు ఆ తాళం వేలాడే గడియ సంగతి చూడండి.

దొంగ తాళం జోలికి పోడు. రెండడుగుల ఇనుప రాడ్డు కొసని గడియకీ తలుపుకీ మధ్య దూర్చి, గట్టిగా ఒక్క గుంజు గుంజుతాడు. ముప్పావు అంగుళం స్క్రూలు చెక్కపొట్టుతో సహా ఊడొస్తాయి. ఏడు లివర్ల తాళం చెక్కుచెదరకుండా గడియతో పాటే కింద పడి ఉంటుంది. పికింగ్ (తీగలాంటి దాంతో తాళం తెరవడం), మారు తాళంచెవులు అని జనం భయపడతారు గానీ, తాళం వేసిన ఇళ్ళలో జరిగేది ఎక్కువగా ఇదే.

కాబట్టి గడియ పట్టీల స్క్రూలు తీసేయించండి. వాటి చోట 6 మి.మీ. క్యారేజ్ బోల్టులు, అంటే బయటివైపు గుండ్రటి తల ఉండి స్క్రూడ్రైవర్‌కి దొరకనివి, తలుపుకి అటూ ఇటూ దూసుకుపోయేలా వేయించండి. తలుపు మందం 35 మి.మీ. అయితే బోల్టు పొడవు 50 మి.మీ. ఉండాలి. లోపలివైపు నట్టు కింద ఉత్త వాషర్ సరిపోదు, 3 మి.మీ. మందం ఇనప పట్టీ పెట్టించండి. పైన నున్నటి ప్లైవుడ్ పలకలుండి లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోర్‌కి ఇది తప్పనిసరి. దాంట్లో తాళం బిగించే చోటే గట్టి చెక్క దిమ్మ ఉంటుంది, మిగతా చోట బోల్టు బిగిస్తే పలక లోపలికి నొక్కుకుపోతుంది.

ద్వారబంధం వైపు బోల్టు కుదరదు. అక్కడ రెండున్నర అంగుళాల స్క్రూలు, 5 మి.మీ. లావువి వేయండి. ముందు 3 మి.మీ. బిట్‌తో రంధ్రం చేసి, స్క్రూకి కాస్త సబ్బు రాసి తిప్పాలి. రంధ్రం చేయకుండా టేకులోకి బలవంతంగా దింపితే స్క్రూ తల తెగుతుంది, లేదా బంధం చీలుతుంది. సుత్తితో సగం కొట్టి, మిగతా సగం తిప్పే కార్పెంటర్‌ని అక్కడే ఆపండి. అలా కొట్టిన స్క్రూకి చెక్కలో పట్టు ఉండదు. వేల రూపాయల ఇత్తడి హ్యాండిల్ పెట్టిన బిల్డర్ కూడా లోపల అరంగుళం స్క్రూలే వేస్తాడు, నాకు కోపమొచ్చేది అక్కడే.

ఇంకా మంచిది, బయట తాళం కప్పే కనపడకుండా చేయడం. వీధిలోంచి చూస్తే కప్ప వేలాడుతోందంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. లోపలివైపు బిగించే మూడు నాలుకల తాళం వేయించండి. దాని నాలుకలు దిగే పట్టీకీ పొడుగు స్క్రూలే వాడాలి, తలుపుని తన్నితే దెబ్బంతా దాని మీదే పడుతుంది. తలుపు మందంలోకి దించి బిగించే మోర్టైజ్ తాళమైతే, తాళంచెవి దూర్చే సిలిండర్ బయటికి 2 మి.మీ. కన్నా ఎక్కువ పొడుచుకు రాకూడదు. వస్తే ప్లయర్‌తో పట్టి, మధ్యలో స్క్రూ రంధ్రం దగ్గర విరిచేస్తారు. లోపలివైపు తాళంచెవి అక్కర్లేకుండా చేత్తో తిప్పే మర ఉండాలి, నిప్పు అంటుకుంటే చీకట్లో తాళంచెవి వెతుక్కోలేరు.

రెండు రెక్కల తలుపైతే కింది గడియ దిగే కన్నం చూడండి. గడపలో ఆ కన్నం దుమ్ముతో, పసుపుతో నిండిపోయి అరంగుళం కూడా దిగదు. శుభ్రం చేసి అంగుళంన్నర లోతు చేయించండి.

అన్నిటికన్నా అన్యాయం వెనక తలుపుకి జరుగుతుంది. ముందు తలుపుకి ఐదు వేలు, వెనకదానికి ఒక్క టవర్ బోల్టు! పాత ఇళ్ళలో తలుపు వెనక గోడ నుంచి గోడకి అడ్డకర్ర ఉండేది. ఇప్పుడూ రెండు ఇనప కొండీలు గోడకి యాంకర్ బోల్టులతో బిగించి, వాటిలో ఓ చదరపు పైపు దించితే చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) కూడా వాడుకోండి. మీరు కోరితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి, అలికిడైతే కంట్రోల్ రూమ్‌కి తెలిసేలా చేస్తారు. మీ ఏరియాలో పెడుతున్నారేమో బయల్దేరేముందే స్టేషన్‌లో అడగండి.

తాళంచెవి బిగుసుకుంటోందని కొబ్బరినూనె మాత్రం పోయకండి. దుమ్ము పట్టి లోపలి పిన్నులు ఇరుక్కుపోతాయి. గ్రాఫైట్ పొడి చిటికెడు ఊది, తాళంచెవిని పదిసార్లు తిప్పండి.